లంకెబిందెల వేటకు సైకిల్ మీద

అమెరికాలో సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌కు వచ్చి నాలుగు నెలలైన ఒక అమ్మాయి పోయిన వారం నన్ను అడిగింది: "అక్కా, పిల్లల్లో ఒకరికి ఆరేళ్లు, ఒకరికి పదేళ్లు. శని, ఆదివారాలు వస్తే దుకాణాలు, లేదంటే ఎవరింట్లోనో భోజనాలు. పిల్లలు ఫోను వదలరు. పెద్దగా ఖర్చు లేకుండా నలుగురం కలిసి బయట తిరిగే వ్యాపకం ఏదైనా ఉందా?"

ఉందమ్మా. దాని పేరు జియోక్యాషింగ్. నీలాగే కొత్తగా సియాటిల్ చుట్టుపక్కలకు వచ్చినవారికి పనికొస్తుందని కాస్త వివరంగానే చెబుతున్నాను.

ఎవరో ఒకరు వానకు తడవని డబ్బాను చెట్టు తొర్రలోనో, వంతెన పక్కనో దాచిపెట్టి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను జియోక్యాషింగ్ సైటులో ఉంచుతారు. మనం ఫోను చూసుకుంటూ వెళ్లి, వెతికి పట్టుకుని, అందులోని చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్లీ అదే చోట అలాగే దాచి రావాలి. చిన్నప్పుడు లంకెబిందెల కథలు విన్నవారికి ఇంతకన్నా వివరించనక్కరలేదు. కాకపోతే ఈ బిందె ఎవరిదీ కాదు, ఇంటికి తేకూడదు. ఈ మాట పిల్లలకు బయలుదేరే ముందే చెప్పండి. లేకపోతే దొరికాక వాళ్ల చేతిలోంచి తీసుకోవడం కష్టం.

ఈ ఆట పుట్టింది మన పక్క రాష్ట్రంలోనే. అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతాలను కావాలనే మసకబార్చి పంపేది. దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న ఆ అడ్డు తీసేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక బకెట్ దాచి, అది ఎక్కడుందో అంకెల్లో ప్రకటించారు. ఆ సెప్టెంబరులోనే సైటు మొదలైంది. దాన్ని నడిపే సంస్థ సియాటిల్‌దే. ఇప్పుడు ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా డబ్బాలున్నాయి. మన ప్రాంతంలో అయితే మీ అపార్ట్‌మెంట్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఒకటో రెండో ఉంటాయి.

మొదటి డబ్బాను ఎంచుకోవడంలోనే అంతా ఉంది. నేను ఇందులో పొరపాటు చేశాను. ఇంటికి దగ్గరగా ఉందని, పరిమాణం చూడకుండా, ఆరేళ్ల మా అబ్బాయిని తీసుకుని బయలుదేరాను. అది నానో రకం, వేలికొన అంత ఉంటుంది. అయస్కాంతంతో ఏదో ఇనుప కమ్మీ కింద అంటించి ఉంటారు. సన్న వానలో గంటన్నర వెతికాం. దొరకలేదు. వాడు ఏడ్చాడు. మళ్లీ రమ్మంటే రెండు నెలలు రాలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: పిల్లలతో మొదటి పదీ స్మాల్ లేదా రెగ్యులర్ పరిమాణంలోవే వెతకండి. ప్రతి డబ్బాకూ వెతకడం ఎంత కష్టమో, దారి ఎంత కష్టమో 1 నుంచి 5 వరకు వేరువేరుగా అంకెలు ఇస్తారు. రెండూ 2 లోపు ఉన్నవి చూసుకోండి. చివరిసారి ఎవరికి ఎప్పుడు దొరికిందో కూడా చదవండి. వరసగా ముగ్గురు నలుగురు దొరకలేదని రాస్తే డబ్బా అక్కడ లేనట్టే, పిల్లలను ఆశపెట్టి తీసుకెళ్లకండి.

ఇంకో మాట. ఆకాశం తెరిపిగా ఉన్నచోట ఫోను నాలుగైదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. ఇక్కడి పొడవాటి డగ్లస్ ఫర్ చెట్ల కింద ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దగ్గరికి రాగానే ఫోను జేబులో పెట్టి కళ్లకు పని చెప్పండి. నేనే దాచాల్సి వస్తే ఎక్కడ దాచేవాణ్ని అని పిల్లలనే ఆలోచించమనండి. అడ్డదిడ్డంగా పేర్చిన కర్రముక్కలు, సహజంగా అలా పడి ఉండవనిపించే రాళ్లు వాళ్లకే ముందు కనిపిస్తాయి. పొదల్లో చేయి పెట్టే ముందు నెటిల్ మొక్క ఉందేమో చూడండి, తగిలితే మన దూలగొండిలాగే మంట పెడుతుంది.

పెద్ద డబ్బాల్లో చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒకటి తీసుకుంటే అంత విలువైనదో, అంతకన్నా మంచిదో పెట్టాలి. మా పిల్లలు ఏటికొప్పాక లక్క బొంగరాలు పెడతారు. తినేవి మాత్రం చాక్లెట్ ముక్క కూడా వద్దు. వాసనకు జంతువులు వచ్చి డబ్బాను చీల్చేస్తాయి.

ఇక సైకిళ్లు. ఈ ఆటకు సైకిల్ కన్నా మంచి తోడు లేదని నా నమ్మకం. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది నియమం. నడిచే పిల్లలు రెండో దానికే అలసిపోతారు. సైకిల్ మీద ఒక పూటలో ఆరేడు చూడవచ్చు. రెడ్‌మండ్ మేరీమూర్ పార్కు నుంచి బాథెల్ వైపు సాగే సమామిష్ నది బాట చదునుగా ఉంటుంది, కార్లు రావు. ఆగినప్పుడు సైకిళ్లను బాట మీద వదలకుండా పక్కకు తీసి పెట్టండి. ముందువారిని దాటేటప్పుడు గంట కొట్టండి. హెల్మెట్ పెద్దవాళ్లూ పెట్టుకోండి.

కాస్త అలవాటయ్యాక వేసవిలో ఒక శనివారం స్నోక్వాల్మీ సొరంగానికి వెళ్లండి. పాత రైలు మార్గం, రెండు మైళ్లకు పైగా కటిక చీకటి. సొరంగం తూర్పు ద్వారం వైపున్న హయాక్ దగ్గర కారు ఆపి సైకిళ్ల మీద లోపలికి వెళితే, అవతలి ద్వారం మొదట సూదిమొన అంత వెలుగులా కనిపిస్తుంది. ఆ ద్వారం దాటి కొంచెం ముందుకు వెళ్తే, లోకమంతా వెతుక్కుంటూ వచ్చే పేరున్న డబ్బా ఒకటి ఉంది. ప్రతి ఒక్కరికీ లైటు, స్వెటరు తప్పనిసరి, జూలైలో కూడా లోపల వణుకు పుడుతుంది. చలికాలంలో సొరంగం మూసేస్తారు. పార్కింగుకు డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల అనుమతి పత్రం) కావాలి.

"మనలాంటివాళ్లు పొదల్లో వెతుకుతుంటే ఎవరైనా అనుమానిస్తారేమో" అని కూడా ఆ అమ్మాయి అడిగింది. అడగవలసిన ప్రశ్నే. ఎవరి పెరట్లోకీ వెళ్లకండి. పిల్లలు ఆడుకునే చోట పెద్దవాళ్లు ఒంటరిగా తచ్చాడకండి. చీకటి పడ్డాక వెతకకండి. పోలీసులు వచ్చి అడిగితే కంగారు పడకుండా చేతులు కనిపించేలా ఉంచి, జియోక్యాషింగ్ అని చెప్పి, ఫోను చూపిస్తానని అడిగి తీయండి. నన్ను ఒకసారి అడిగారు. చెప్పగానే తల ఊపి వెళ్లిపోయారు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లనూ తీసుకెళ్లండి. దారి కష్టం 1 అని ఉన్నవి చక్రాల కుర్చీకి కూడా అందేవి. ఇంట్లో గోడలు చూస్తూ విసిగిపోయిన మా నాన్నగారు మేరీమూర్‌లో ఒక డబ్బాను మా పిల్లలకన్నా ముందు పట్టుకున్నారు. పుస్తకంలో తెలుగులో రాయవచ్చా అని అడిగారు. రాయవచ్చు. జియోక్యాషింగ్ సైటులోని మీ ఖాతా పేరు, తేదీ ఉంటే చాలు, మిగతాది మీ ఇష్టం. ఆయన తన పేరు, ఊరు, జిల్లా, పిన్‌కోడ్‌తో సహా రాశారు. పెన్ను మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లండి, చాలా డబ్బాల్లో ఉండదు.