అన్నయ్య దగ్గరికి వెళ్లే ముందు

చిరంజీవి కృపకు పెద్దమ్మ దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. అన్నయ్యతో సమాధానపడేదాకా ప్రభు బల్లలో, ఆ రొట్టె ద్రాక్షారసాల ఆచరణలో, పాలుపొందనని అన్నావట, వచ్చే శనివారం వాడింటికి వెళ్తున్నావట. వినగానే గుండె నిండిపోయింది. మీ ఇద్దరూ నాకు పిల్లలే కదా. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది: "వాణ్ణి క్షమించానని చెప్పి వస్తుందట." అక్కడ నాకు భయం పట్టుకుంది. ఫోన్లో ఇన్ని మాటలు చెబితే మధ్యలో ఏడుస్తావు, సగం వినవు. అందుకే రాస్తున్నాను.

ఆ మాట మాత్రం అనకు.

మత్తయి 5:23, 24 నువ్వు సండే స్కూల్లో తడుముకోకుండా అప్పజెప్పేదానివి. ఇప్పుడు మళ్లీ నెమ్మదిగా చదువు. బలిపీఠం దగ్గర నిలబడినవాడికి గుర్తొచ్చేది తన మనసులో ఉన్న కోపం కాదు. తన మీద తన సహోదరుడికి ఉన్న విరోధం. ఆ విరోధాన్ని వెతుక్కుంటూ వెళ్లమంటున్నాడు ప్రభువు. ఆ బోధ గలిలయలో చేశాడు, బలిపీఠమేమో యెరూషలేములో ఉంది. మూడు రోజుల నడక. అర్పణ అక్కడే వదిలేసి, ఊరికి తిరిగొచ్చి, సమాధానపడి, మళ్లీ వెళ్లమంటే ఎంత శ్రమో ఆయనకు తెలియక కాదు.

మరి వాడి మీద నీకున్న బాధ ఎక్కడ చెప్పుకోవాలి? దానికి మార్కు 11:25 ఉంది. ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీద ఏమున్నా క్షమించమన్నాడు. అక్కడ నువ్వూ దేవుడూ తప్ప ఇంకెవరూ లేరు. "క్షమించాను" అని చెప్పాల్సింది అక్కడ. అన్నయ్య ఎదుట అనాల్సింది "నన్ను క్షమించు" అని. ఈ రెండూ తారుమారు చేస్తే పని చెడుతుంది. అడగని మనిషితో "నిన్ను క్షమించాను" అంటే, తప్పు నీదేనని తేల్చేశాను, శిక్ష ఒక్కటి కొట్టేస్తున్నాను అన్నట్టు వినిపిస్తుంది. వాడు రోషగాడు, నీకు తెలియనిదేముంది. రేపెప్పుడైనా వాడే వచ్చి "తప్పయిందే" అంటే అప్పుడు నోరారా చెప్పు. లూకా 17:3, 4లో ఉన్నది ఆ సందర్భమే.

క్షమించడం చిన్న పని అని నేను అనడం లేదు. మత్తయి 18లోని ఉపమానంలో ఒక దాసుడికి తోటి దాసుడు బాకీ ఉన్నది నూరు దేనారాలు. దేనారం ఒక దినం కూలి. అంటే మూడు నెలలు దాటిన కష్టార్జితం, నిజమైన బాకీ. ప్రభువు దాన్ని ఉత్తిదే అనలేదు. ఆ మొదటి దాసుడికి రాజు అంతకుముందే కొట్టేసిన బాకీ మాత్రం పదివేల తలాంతులు. తలాంతుకు 6,000 దేనారాల లెక్కన 6 కోట్ల దినాల కూలి, ఈ నూటికి 6 లక్షల రెట్లు. ప్రార్థనలో వాడి బాకీ గుర్తొచ్చిన ప్రతిసారీ ఈ లెక్క గుర్తు చేసుకో. ఒక్కసారితో అయిపోదు. మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది, మళ్లీ మళ్లీ వదలాలి.

ఇప్పుడు అసలు పని. మీ మధ్య ఉన్నవి రెండు విషయాలు. మీ అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కుటుంబం వాట్సాప్ గ్రూపులో నువ్వు రాసింది ఒకటి. వాడు నీ దగ్గర తీసుకుని తిరిగి ఇవ్వని డబ్బు రెండోది. శనివారం మొదటిది మాత్రమే మాట్లాడు. డబ్బు మాట ఎత్తకు. వాడే ఎత్తినా "దాని గురించి ఇంకోరోజు వస్తాను" అని ఆపేయి. ముందు నీ కంటిలోని దూలం తీసుకో అన్నచోటే ప్రభువు సహోదరుడి కంటిలోని నలుసు కూడా తీయమన్నాడు, కానీ తర్వాత. ఒకేసారి రెండూ ముందు పెడితే నీ క్షమాపణ బాకీ వసూలుకు వేసిన ఎత్తులా కనిపిస్తుంది.

ఏమనాలో కాగితం మీద రాసుకుని వెళ్లు. లూకా 15లో ఇల్లు విడిచిపోయి తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన చిన్న కుమారుడు కూడా మాటలు ముందే సిద్ధం చేసుకున్నాడు. వాటిలో ఏం లేదో గమనించు. కరువు వచ్చిందని లేదు, స్నేహితులు చెడగొట్టారని లేదు, అన్న పోరు పడలేకపోయానని లేదు. పాపం చేశాను, కుమారుణ్ణనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో, అంతే. నువ్వూ మూడు వాక్యాలు దాటకు: "అమ్మను గాలికొదిలేశావని అందరి ముందూ రాశాను. అది నిజం కాదు, నువ్వు ఆస్పత్రి డబ్బు కట్టావని నాకు తర్వాత తెలిసింది, తెలిసీ ఊరుకున్నాను. నన్ను క్షమించు అన్నయ్యా." ఇందులో "కానీ" రాకూడదు. "నీకు బాధ కలిగి ఉంటే" అని అసలే రాకూడదు. బాధ కలిగింది, అందుకేగా రెండేళ్లు మాటల్లేవు. తెలిసీ ఊరుకున్న సంగతి వదిలేయాలనిపిస్తుంది. వదలకు. వాడిని ఎక్కువగా గుచ్చింది అదే.

ముందు ఫోన్ చేసి ఏ వేళ వీలో అడుగు. ఒక్కదానివే వెళ్లు, మీ ఆయన్నీ పిల్లల్నీ ఇంటి దగ్గర ఉంచు. అరగంటకు మించి కూర్చోకు. బైబిలు చేత్తో పట్టుకుని వెళ్లకు, వాక్యం ఎత్తి చెప్పకు. ఆ వాక్యాలు వాడికీ వచ్చు. "దేవుడు నన్ను పంపాడు" అనకు. అలా అంటే వాడు కాదనడానికి వీల్లేకుండా కట్టేసినట్టవుతుంది. ఇంకొకటి, నీకు కళ్లనీళ్లు చప్పున వస్తాయి. వస్తే తుడుచుకో, వాటితో పని జరిపించుకోకు. నువ్వు వెక్కివెక్కి ఏడిస్తే గాయపడ్డ వాడే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. వాడు మనసులో ఉన్నది చెప్పుకోలేక మింగేస్తాడు. అది మళ్లీ ఎక్కడో బయటికొస్తుంది.

వాడు అరిస్తే అరవనీ. అన్నదాంట్లో నిజం ఉంటే "నిజమే" అను. నిజం కానిదానికి ఆ రోజు జవాబు చెప్పకు.

ఆ తర్వాత గ్రూపు సంగతి. పన్నులు వసూలుచేసే జక్కయ్య మనసులో పశ్చాత్తాపపడి ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు ఇస్తానన్నాడు. సంఖ్యాకాండం 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు మూలధనం మీద ఐదో వంతు కలిపి ఇస్తే చాలు, అతను అంతకు మించి పోయాడు. మాటతో చేసిన నష్టాన్ని తిరిగి ఇవ్వడమంటే, ఆ మాట ఎంతమంది దగ్గరికి వెళ్లిందో అంతమంది దగ్గరా దాన్ని వెనక్కి తీసుకోవడమే. రెండు వాక్యాలు చాలు. పెట్టేముందు అన్నయ్యకు చూపించి, వాడు సరే అంటేనే పెట్టు. పాత గొడవ మళ్లీ తవ్వొద్దు అంటే వాడి మాటే విను. అప్పుడు ఎవరెవరు చదివారో వాళ్లకు ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. వెళ్లేలోగా స్త్రీల కూడికలో ఈ సంగతి ప్రార్థన విన్నపంగా పెడతావేమో అని. ఈ పాత తప్పు ఏ సంఘంలో చూసినా ఉంది, మంచి విశ్వాసులే చేస్తారు, అందుకే తప్పులా కనిపించదు. "మా అన్నయ్య హృదయం మెత్తబడాలని ప్రార్థించండి" అంటావు. ఆ ఒక్క వాక్యంలో అప్పటికే తీర్పు ఉంది: గట్టిపడింది వాడి హృదయం, నీది కాదు. పక్కనున్న ఆవిడ జాలిగా "ఏం జరిగిందమ్మా" అంటుంది. నువ్వు సగం చెబుతావు. సగమే చెబుతావు కాబట్టి అది నీ వైపు సగమే అయి ఉంటుంది. ఆవిడ ఇంటికెళ్లి భర్తతో అంటుంది, అదీ ప్రార్థన కోసమే. వారం తిరిగేసరికి అన్నయ్యకు తెలిసినవాళ్లెవరో "మీ చెల్లెలు మీ గురించి ఎంత ప్రార్థిస్తోందో" అంటారు. పాపం, మంచి మాటే చెప్పామనుకుంటారు. వాడికి మాత్రం నువ్వు మళ్లీ గ్రూపులో రాసినట్టే ఉంటుంది. మొదటిసారి నువ్వు కోపంలో రాశావు. ఈసారి మోకాళ్ల మీద ఉండి చేశావు కాబట్టి, తప్పు పట్టడానికి కూడా వాడికి వీలుండదు. అలాంటి మనిషి ఏం చేస్తాడు? మొహం చాటేస్తాడు. అందరూ "చూశారా, హృదయం కఠినమైంది" అంటారు.

మత్తయి 18:15 అందుకే మొదటి మెట్టును అంత కచ్చితంగా చెప్పింది: నువ్వూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు. ఇద్దరు ముగ్గురు తర్వాత, సంఘం ఆఖరున. విన్నపం పేరుతో మనం ఆ వరసను తలకిందులు చేసి, సంఘంతో మొదలుపెడతాం. లూకా 18లో తానే నీతిమంతుణ్ణనుకునే పరిసయ్యుడి ప్రార్థన చూడు. దేవునితోనే మాట్లాడుతున్నాడు, పక్కవాడి సంగతి మాత్రం అందులో వచ్చింది: ఈ సుంకరివలె (పన్నులు వసూలుచేసేవాడివలె) కాదు అని. వేరొకరి తప్పు మోసుకెళ్లే ప్రార్థన ఎలా ఉంటుందో ప్రభువు అక్కడ చూపించి పెట్టాడు.

ప్రార్థన వద్దనడం లేదు తల్లీ. ఎలా అడగాలో చెబుతున్నాను. "నేను ఒకరి దగ్గరికి వెళ్లి ఒప్పుకోవాల్సింది ఉంది, నాకు ధైర్యం కోసం ప్రార్థించండి." పేరు, వరస, విషయం మూడూ వద్దు. ఎవరైనా గుచ్చి అడిగితే "నేను చెడగొట్టింది, నేనే చక్కబెట్టుకోవాలి" అను, ఆపై అడగరు. మిగతాదంతా తలుపు వేసుకుని గదిలో. అన్నయ్య ఇంట్లో కూడా వాళ్లు రమ్మంటే తప్ప ప్రార్థన మొదలుపెట్టకు. చేస్తే వాడి ఆరోగ్యం, పిల్లల చదువు, రెండు నిమిషాలు. "కఠిన హృదయాలను కరిగించు ప్రభువా" అని కళ్లు మూసుకుని ఎదుటివాడిని దెప్పడం నువ్వూ విన్నావు, నేనూ విన్నాను.

సమాధానం కుదిరాక సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు అడిగినా అన్నయ్యను అడగకుండా లేచి నిలబడకు. ఆ కథలో వాడూ ఉన్నాడు.

డబ్బు సంగతి రెండు మూడు వారాలాగి చూడు. ముందు మీ ఆయనతో కూర్చుని తేల్చుకో: వదిలేయడమా, అడగడమా. అది మీ ఇద్దరి సంపాదన, నీ ఒక్కదాని భక్తితో వదిలేయడానికి లేదు. వదిలేస్తే వాడితో ఒకసారి స్పష్టంగా చెప్పి, ఇక జన్మలో ఎత్తకు. అడిగితే ఒంటరిగా, తేదీ పెట్టి, నెలకు ఎంత ఇవ్వగలడో కనుక్కుని అడుగు. వదిలేశానని నోటితో అని, పండగకో పెళ్లికో గుర్తుచేస్తూ ఉండడం అన్నిటికంటే పాడు పని. అవునంటే అవును, కాదంటే కాదు. మాట కుదరకపోతే ఒకరినో ఇద్దరినో తీసుకెళ్లొచ్చు, కానీ నీ తరఫున మాట్లాడేవాళ్లను కాదు. వాడికీ నమ్మకమున్న మనిషి కావాలి. ఆ సాక్షులు నీ తప్పును కూడా నీకు చెప్పగలిగినవాళ్లు కావాలి.

అదీ కుదరకపోతే, వినని సహోదరుణ్ణి అన్యునిగా సుంకరిగా ఎంచుకోమన్న మత్తయి 18:17 మాట పట్టుకుని మొహం తిప్పుకుని తిరగకు. ఆ సువార్తకు పేరున్న మత్తయే సుంకరి, ప్రభువు అతని ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు.

ఒకమాట అడ్డంగా రాస్తున్నాను, నీకు కాదు, నిన్ను చూసి నేర్చుకునే చిన్నవాళ్లకు. ఇదంతా మాటలు తెగిన ఇళ్ల సంగతి. చెయ్యి చేసుకునే మనిషి దగ్గరికి "ఒంటరిగా వెళ్లు" అని ఎవరికీ చెప్పకు. నజరేతువాళ్లు కొండ కొమ్ము నుంచి తోసేయబోతే ప్రభువు వాళ్ల మధ్యనుంచి దాటి వెళ్లిపోయాడు. క్షమించడం, తిరిగి ఆ ఇంట్లోకి వెళ్లడం ఒకటి కాదు.

బల్ల విషయంలో నీ పంతం నాకు నచ్చింది, కానీ దానికి హద్దు ఉంది. నువ్వు వెళ్లి, ఒప్పుకుని, చేయాల్సింది చేశాక వాడు తలుపు తీయకపోతే నీ పాలు నువ్వు పొందు. రోమా 12:18లో శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు అని ఉంది. వాడి జవాబు వచ్చేదాకా రొట్టె ముట్టనంటే, నీ ఆకలి వాడి మెడకు కట్టినట్టు. తర్వాత ఎప్పుడైనా ఒక పలకరింపు మెసేజ్ పెట్టు, వారం వారం వేధించకు.

శనివారం తిరిగొచ్చాక నాకు ఫోన్ చెయ్యి. అన్నయ్య ఏమన్నాడో నాకు చెప్పొద్దు, మీ అమ్మకూ చెప్పొద్దు. కాగితం మీద రాసుకున్న మూడు వాక్యాలూ "కానీ" లేకుండా అన్నావో లేదో, అది ఒక్కటి చెప్పు.

నీ పెద్దమ్మ