మాత్రలు వాడినా దిగులు తగ్గట్లేదు, తిండి ముట్టట్లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. లావుగా ఉన్నానంటూ ఏడాదిగా తిండి తగ్గించేసి 52 కిలోల నుంచి 41కి వచ్చింది. నెలసరి ఆగిపోయింది. చపాతీని గోరంత ముక్కలు చేసుకుంటూ కంచం ముందు గంటసేపు కూర్చుంటుంది. వాళ్ల నాన్న అరిస్తే ఏడుస్తూ గదిలోకి వెళ్లిపోతుంది. డిప్రెషన్‌కు రెండు నెలలుగా మాత్రలు వాడుతున్నా గుణం లేదు. మా పెంపకంలోనే లోపమా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ పెంపకాన్ని నిందించుకోకండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి ఇది అనొరెక్సియా నెర్వోసా, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, కావచ్చు. వంశపారంపర్యం, మనస్తత్వం, డైటింగ్ లాంటివెన్నో కలిస్తే వచ్చే జబ్బిది.

ఒంట్లో శక్తి లేనప్పుడు డిప్రెషన్ మాత్రలు అంతగా పనిచేయవు. పస్తులే దిగులు పుట్టిస్తాయి. 1945లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి దాదాపు సగానికి తగ్గించారు. వాళ్లలో చాలామంది దిగులుపడ్డారు, చిరాకుపడ్డారు, నలుగురిలో కలవడం మానేశారు. కంచం ముందు కూర్చుని తిండిని కెలుకుతూ గడిపేవారు. మీ అమ్మాయి చేస్తున్నదీ అదే, మొండితనం కాదు. ఈ సంగతి వాళ్ల నాన్నగారికీ చెప్పండి. ఆయన కోపం వెనక భయం ఉందని నాకు తెలుసు. కానీ అరుపులతో పాప దిగులు పెరుగుతుంది, దిగులుతో తిండి ఇంకా తగ్గుతుంది. మాత్రలు అంతగా పనిచేయట్లేదని వాటిని మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఈ వయసు పిల్లలకు బాగా పనిచేసే వైద్యం తల్లిదండ్రుల చేతుల మీదుగానే నడుస్తుంది. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు 1980లలో రూపొందించిన పద్ధతి ఇది. ఏం తినాలో, ఎంత తినాలో కొన్నాళ్లు డాక్టర్ సలహాతో మీరిద్దరే నిర్ణయించాలి. ఇద్దరిదీ ఒకే మాట కావాలి. అమ్మ గట్టిగా చెప్పింది నాన్న సడలించకూడదు. పక్కనే కూర్చుని ‘కష్టంగా ఉందని తెలుసమ్మా, ఈ ముద్ద తిను, నేనిక్కడే ఉన్నా’ అనండి. కేలరీల వాదనలోకి దిగొద్దు. తిన్నాక గంటసేపు తోడుండండి. కొందరు బాత్రూంలోకి వెళ్లి వాంతి చేసుకుంటారు. ‘చిక్కావు’, ‘ఒళ్లు చేశావు’ అనే చుట్టాలను కాస్త ఆపండి.

ఒకేసారి కుక్కి పెట్టడం మాత్రం ప్రమాదం. చాలాకాలం పస్తులున్నవాళ్లకు అలా పెడితే రక్తంలో ఫాస్ఫరస్ అనే ఖనిజం పడిపోయి గుండె మీద దెబ్బ పడొచ్చు. అందుకే ఈ వారంలోనే ఫిజీషియన్‌తో నాడి, బీపీ, ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫరస్ చూపించి, సైకియాట్రిస్టును మళ్లీ కలవండి. కళ్లు తిరిగి పడిపోయినా, నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, చచ్చిపోతానన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.