కర్టెన్లు వెయ్యకు, బిడ్డా

స్వప్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సోమవారం నుంచి ఫిజిక్స్ పాఠాలన్నీ డిజిటల్ బోర్డు మీదే చెప్తానన్నావట. డీఎస్సీ కొట్టి, సర్కారు బడిలో చేరి నెల తిరక్కముందే ఇంత హుషారు చూపిస్తున్నావంటే కడుపు నిండింది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. వీడియోలు ఇంట్లోనే పెన్‌డ్రైవ్‌లో వేసుకో, బడి నెట్‌ను నమ్ముకోకు. నువ్వు మొత్తం చూడని వీడియో పిల్లలకు పెట్టకు. కరెంటు పోతే ఏం చెప్తావో ముందే అనుకుని వెళ్లు.

2008 ప్రాంతంలో మా బడికి ఒక దాత ప్రొజెక్టర్ ఇచ్చాడు. నా సంబరం చూడాలి! కిటికీలకు నల్ల కర్టెన్లు కుట్టించా. పదో తరగతికి కాంతి పాఠమంతా దాని మీదే నడిపా. గది చీకటి, నేను ల్యాప్‌టాప్ పక్కన, నా చూపు తెర మీద. "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్" అని అందరూ ఒక్క గొంతుతో అనేవాళ్లు. నాకది చాలనిపించేది.

యూనిట్ టెస్ట్‌లో ఒకమ్మాయి కిరణ చిత్రాల దగ్గర ఖాళీ వదిలేసింది. అంతకుముందు బాగా రాసే పిల్ల. పిలిచి తిట్టా. ఎందుకు తిట్టానా అని ఇప్పటికీ బాధే. పేపర్ చేతికిస్తే ముక్కుకు ఆనించుకుని చదివింది. అప్పుడు తెలిసింది నాకు. నల్లబల్ల ఉన్నప్పుడు పక్కపిల్ల నోట్‌బుక్ చూసి రాసుకునేదట. చీకట్లో ఆ నోట్‌బుక్కూ కనపడలేదు. నేను ఆ వారమే మానవుని కన్ను పాఠం చెప్పా బిడ్డా! దూరంవి మసకగా కనపడే హ్రస్వదృష్టి, దానికి వాడే పుటాకార కటకం, అన్నీ రంగుల్లో చూపించా. హ్రస్వదృష్టి ఉన్న పిల్ల మూడో బెంచీలోనే ఉంది.

మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆస్పత్రికి వాళ్లమ్మతో కలిసి నేనే తీసుకెళ్లా. అద్దాలతో వచ్చిన మొదటిరోజు తరగతి గోడ వంక చూసి, "మేడమ్, మన గడియారానికి సెకన్ల ముల్లు కూడా ఉందా?" అంది. స్టాఫ్ రూమ్‌కు వెళ్లి ఏడ్చా.

నీ డిజిటల్ బోర్డుకు చీకటి అక్కర్లేదు, నిజమే. కానీ ఎండ పడితే గాజు మెరుస్తుంది, పక్క బెంచీల వాళ్లకు సగం కనపడదు. పిల్లలు రాకముందే నాలుగు మూలలా కూర్చుని చూడు. అక్షరాలు పెద్దవి పెట్టు.

బొమ్మ చూపించే ముందు ఆపి అడుగు. కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలు, ఫెట్ సిమ్యులేషన్లు తెలుసు కదా, నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి, ఉచితం. అందులో ఒకే బ్యాటరీకి రెండు బల్బులు శ్రేణిలో పెట్టు. "ఇవే సమాంతరంగా కలిపితే ఎక్కువ వెలుగుతాయా, తక్కువా?" అని అడిగి, అందరూ నోట్‌బుక్‌లో రాశాకే స్విచ్ వెయ్యి. ఆ రెండు నిమిషాలు బోర్డుకు వీపు పెట్టి ముఖాలు చూడు. ఎవరు రాయట్లేదో, ఎవరు కళ్లు చికిలిస్తున్నారో తెలిసిపోతుంది.

తర్వాత నిజం బల్బులు, సెల్లులు వాళ్ల చేతికే ఇవ్వాలి. తెర మీద తీగ వదులవ్వదు, చేతిలో అవుతుంది, అప్పుడే కదా వాళ్లు వెతుక్కునేది. కోఠి గుజరాతీ గల్లీలో హోల్డర్లు, తీగలు దొరుకుతాయి. శనివారం నేనే తెచ్చిపెడతా. నీ జీతం ఇంకా చేతికి రాలేదు, డబ్బుల మాట ఎత్తకు.

ఆదివారం అన్నానికి రా. వచ్చేలోపు ఒక్క పని చెయ్యి తల్లీ: నీ తరగతిలో ఎంతమంది అద్దాలు పెట్టుకుంటారో, పెట్టుకోని వాళ్లలో ఎవరెవరు కళ్లు చిన్నవి చేసి చూస్తున్నారో రాసుకుని తీసుకురా.

మీ పెద్దమ్మ