ఆవిరి పడవకు బొగ్గు ఎక్కడిది?

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రెండు రూపాలూ చదివాను. ఒకటి 1870 నాటి బెజవాడ, ఇంకోటి 2190 నాటి విజయవాడ. రెండిట్లోనూ అదే పిల్ల, అదే బందరు కాలవ, ఆ పిల్ల తయారుచేసిన అదే ఆవిరి పడవ. "ఏది ఉంచమంటారు మాస్టారూ?" అని అడిగావు. గతమే ఉంచు.

ఆవిరి యంత్రాల చుట్టూ అల్లిన నీలాంటి ఊహా కథలకు స్టీమ్‌పంక్ అనే పేరు పుట్టింది 1987లో. ఆ పేరు వెంట లండన్ పొగమంచు, పొడుగు టోపీలు కూడా వచ్చి పడ్డాయి. నువ్వు వాటి జోలికి పోకుండా మన కాలవ గట్టు మీద కథ మొదలుపెట్టావు, చాలా సంతోషం. కానీ మొదటి పేజీలోనే పడవ పొగ కక్కుతూ బయల్దేరింది. నేను అక్కడే ఆగిపోయాను. ఆ బొగ్గు ఎక్కడిది?

కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవలు పారాయి, పడవలు తిరిగాయి. సింగరేణి బొగ్గు, దాన్ని మోసుకొచ్చే నిజాం రైలు మాత్రం 1880ల చివరికి గానీ రాలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా బెజవాడలో నీళ్ళున్నాయి, దగ్గర్లో బొగ్గు లేదు. నీ కథ సరిగ్గా ఆ సందులో పడింది. భయపడకు, కథ అంతా అక్కడే ఉంది.

బొగ్గు లేకపోతే కట్టెలు కాల్చాలి. కట్టెలంటే కొండపల్లి అడవి. అదే కొండల్లో పొణికి కర్ర కోసం తిరిగే బొమ్మల వాళ్ళున్నారు. బాయిలర్ కోసం అడవి నరుకుతుంటే వాళ్ళేమంటారు? కట్టెలు వద్దనుకుంటే బెంగాల్ రాణీగంజ్ బొగ్గు ఓడ మీద రావాలి. బందరులో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు, దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో సరుకు దించుకోవాలి. 1864 నవంబర్ ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారంటారు. నీ కథ నాటికి ఆ బందరు ఇంకా తేరుకుంటోంది. అక్కడ బొగ్గు కొట్టు పెట్టిందెవరు, ఎవరి దగ్గర అప్పు చేసి పెట్టారు? ఇవి తేల్చుకుంటే నీ విలన్ తనంతట తనే దొరుకుతాడు. ఇప్పుడున్న తెల్లదొర మాత్రం మీసాలు దువ్వుకోవడం తప్ప ఏమీ చెయ్యట్లేదు.

ఇక ఆ పిల్ల తండ్రి. గట్టు వెంట తాడు భుజానికేసుకుని పడవ లాగే మనిషి. కూతురి ఇంజన్ నడిస్తే ఆయన కూడు పోతుంది. నువ్వు రాసినదాంట్లో గొప్ప విషయం ఇదే. 2190లో ఆయన కోపం తేలిపోయింది, ఎందుకంటే అప్పటికి పడవ లాగే మనుషులు ఎందుకున్నారో నువ్వు చెప్పలేదు. నేను గతం వైపు మొగ్గింది ఈ తండ్రి కోసమే.

రెండు మరమ్మతులు. పట్టుకోవడానికి మనుషులు వస్తుంటే పిల్ల పడవలోకి దూకి వెంటనే వెళ్ళిపోయింది. చల్లారిన బాయిలర్ అలా కదలదు, నిప్పు రాజేశాక ఆవిరి పుంజుకోవడానికి గంటలు పడుతుంది. తండ్రీకూతుళ్ళ గొడవ ఆ గంటల్లో జరగనీ. గేజి ముల్లు నెమ్మదిగా లేస్తుంటుంది, గట్టు మీద కాగడాలు దగ్గరవుతుంటాయి. ఆ టెన్షన్ నీకు ఊరికే వచ్చినట్టే. రెండోది, క్లైమాక్స్ రోహిణి కార్తెలో పెట్టావు. ఎండాకాలం మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు కదమ్మా, పడవ బురదలో కూరుకుపోతుంది. ఆశ్వయుజానికి జరుపు.

భవిష్యత్తు కథ రాయొద్దని అనడం లేదు. కాకపోతే దానికి లెక్క వేరు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇవాళ్టికీ బొగ్గు కాల్చి, నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితోనే టర్బైన్లు తిప్పుతున్నారు. ఆవిరి ఎక్కడికీ పోలేదు. కాబట్టి 2190లో ఆవిరి ఉండి కరెంటు ఎందుకు లేదో నువ్వు గట్టిగా చెప్పాలి. "మహాయుద్ధం తర్వాత" అన్న ఒక్క ముక్కతో దాటేశావు, నేను నమ్మలేకపోయాను. ఆ కథకు ఆటోనగర్ వెళ్ళు. నాలుగు రోజులు లేత్ పక్కన నిలబడు. పాత లారీని విప్పి, పనికొచ్చేవి ఏరి, మళ్ళీ రోడ్డెక్కించే చేతులు చూడు. కొత్త సామాను రావడం ఆగిపోతే ఆ చేతులు ఏం చేస్తాయన్నదే నీ 2190 కథ. అందులో ఈ పడవా వద్దు, ఈ తండ్రీ వద్దు. వేరే మనుషులు కావాలి.

ముందు 1870 కథ పూర్తి చెయ్యి. బొగ్గో కట్టెలో తేల్చుకున్నాక మొదటి రెండు పేజీలు తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ మాస్టారు