సైనస్‌తో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సైనస్‌తో పని సాగడం లేదని, ఉద్యోగం మానేస్తానంటున్నావని చెప్పి బాధపడింది. తొందరపడకురా. గుంటూరు మిర్చి యార్డులో, ఆ ఘాటులో, ఈ జబ్బుతోనే ఇరవై ఏళ్లు గుమాస్తాగా చేశాను.

ముందు దాన్ని జలుబు అనడం మానెయ్. నేను చేసిన పెద్ద తప్పు అదే. సెలవడిగినప్పుడల్లా "జలుబండీ" అనేవాణ్ణి, జలుబుకు సెలవేమిటని మా షావుకారు విసుక్కునేవాడు. ముక్కు దిబ్బడ, గొంతులోకి కారే కళ్లె, మొహం బరువు, వాసన తెలియకపోవడం 12 వారాలు దాటినా తగ్గకపోతే అది దీర్ఘకాలిక సైనసైటిస్. మీ మేనేజరుకు ఆ పేరే చెప్పు, డాక్టరు చీటీ చూపించు. ఏసీ గాలి మొహాన కొట్టని సీటు అడుగు. పొద్దున మొదటి గంట ఫోన్లు పెట్టొద్దని అడుగు. ఊరికే "ఒంట్లో బాగాలేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

నన్ను అన్నిటికంటే దెబ్బతీసింది నిద్ర. రాత్రంతా నోటితో గాలి పీల్చి, గొంతెండిపోయి లేస్తే, పదింటికి చిట్టా ముందు అంకెలు అలుక్కుపోయేవి. ఒకసారి ఒక రైతు పట్టీలో 41 టిక్కీలకు (మిర్చి బస్తాలకు) 14 అని రాశాను. పాపం ఆయనే చూసుకుని వెనక్కి వచ్చాడు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటినుంచి లెక్కలన్నీ తల తేలికపడే మధ్యాహ్నానికి పెట్టుకున్నాను. నీకు ఏ వేళ బాగుంటుందో ఒక వారం రాసి చూసుకో, కష్టమైన పని ఆ వేళకు మార్చుకో.

తర్వాత వాసన పోయింది. కాయ నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే తేమో, బూజో చెప్పేవాణ్ణి. అది పోయాక కొట్లో కుర్రాణ్ణి పిలిచి అడగాల్సి వచ్చేది. ఇంట్లో పాలు మాడినా తెలిసేది కాదు. నువ్వు గదిలో ఒక్కడివే వండుకుంటున్నావు కాబట్టి గ్యాస్ లీకైతే మోగే అలారం కొనుక్కో. ఇది మాత్రం వాయిదా వెయ్యకు.

దిబ్బడ విప్పే చుక్కల మందు జేబులో పెట్టుకుని తిరుగుతున్నావట. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ రకాలు నాలుగైదు రోజులు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. మళ్లీ వెయ్యాలనిపిస్తుంది. నేను రెండేళ్లు అలా ఇరుక్కున్నాను.

దానికి బదులు ఉప్పునీళ్లతో ముక్కు కడుగు. పావు లీటరు నీళ్లకు అర టీస్పూనుకు కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్లు మరగకాచి చల్లార్చినవే కావాలి, కుళాయి నీళ్లు వద్దే వద్దు. డాక్టరు ముక్కులో వాపు తగ్గించే స్టెరాయిడ్ స్ప్రే రాస్తే కడిగిన తర్వాత కొట్టుకో. తల కొంచెం ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి. స్ప్రే మొన ముక్కు మధ్య గోడ వైపు కాకుండా చెవి వైపుండాలి. గట్టిగా ఎగపీల్చకు. గుణం కనపడటానికి వారాలు పడుతుంది. నేను నాలుగు రోజులకే పనిచెయ్యట్లేదని పారేశాను, నువ్వలా చెయ్యకు.

ఆవిరి హాయిగా ఉంటుంది, పట్టుకో. జబ్బు మాత్రం దానితో పోదు. గిన్నె ఒలికితే కాళ్లు కాలతాయి, జాగ్రత్త.

తలనొప్పి ఒక్కటే ఉండి ముక్కు శుభ్రంగా ఉంటే అది మైగ్రేన్ కావచ్చు, అదీ అడుగు. ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోకి గొట్టం పెట్టి చూసో, సీటీ స్కాన్ తీసో తేల్చాలి. నాకు ముక్కులో పాలిప్‌లు, అంటే మెత్తటి కండ పెరుగుదలలు, ఉన్నాయని అలాగే తెలిసింది, ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కూడా కడగడం, స్ప్రే తప్పలేదు. ఆరో వారంలో యార్డు గేటు దాటుతుంటే మిరపకాయ ఘాటు ముక్కుకు తగిలింది. తుమ్ములొచ్చాయి, కళ్లనీళ్లూ వచ్చాయి, అక్కడే నిలబడిపోయాను.

కన్ను చుట్టూ వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, మెడ పట్టేసి జ్వరం పెరిగినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లు, అర్ధరాత్రయినా సరే.

పై దవడ పన్ను ఒకటి నొప్పిగా ఉందని పండక్కి వచ్చినప్పుడు అన్నావు కదూ. ఆ పన్ను వేరుకు చీము పట్టినా బుగ్గ వెనక ఉన్న సైనస్ (ఎముకలోని గాలి గది) పాడవుతుంది. ఒక్క వైపే చెడు వాసనతో చీమిడి వస్తోందేమో గమనించి, ఈ శనివారం పళ్ల డాక్టరుకు చూపించి నాకు ఫోన్ చెయ్.

మీ పెదనాన్న