స్పీడ్ ఉంటే సీటు వస్తుందా, డబ్బు తెస్తే వస్తుందా?

మీ అబ్బాయికి పన్నెండేళ్లని, బెంగళూరులో కార్టింగ్ బాగా చేస్తున్నాడని, ముందుముందు ఫార్ములా కారులో సీటు వాడి స్పీడ్ చూసి ఇస్తారా, స్పాన్సర్ డబ్బు చూసి ఇస్తారా అని అడిగారు. మా అక్క కొడుకుతో నాలుగేళ్లు ఈ దారిలో తిరిగాను కాబట్టి తెలిసినది రాస్తున్నాను.

మాది నెల్లూరు. నాకు చెన్నై అంబత్తూరులో చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. వాడు మా ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు, శని ఆదివారాలు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో గడిపేవాడు.

ముందు ఒక విషయం తెలుసుకోండి. కింది స్థాయిలో సీటు అంటే ఒక రకంగా అద్దె ఇల్లు. కారు టీమ్‌ది, మెకానిక్‌లు టీమ్ వాళ్లు, సీజన్‌కి ఇంత అని మనం కట్టాలి. ఆ డబ్బు తండ్రి ఇచ్చినా, కంపెనీ ఇచ్చినా టీమ్‌కి ఒకటే. జీతం తీసుకుని నడిపేవాళ్లు పై మెట్టు మీద కొద్దిమందే ఉంటారు.

అందరూ ఒకే రకం కార్లు నడిపే సీరీస్‌లో మావాడు చేరాడు. కారు మీద మా వర్క్‌షాపు స్టిక్కరు, నా స్నేహితుడి హార్డ్‌వేర్ షాపు స్టిక్కరు. మొదటి రోజు వాణ్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, వీపు వెనక ప్లాస్టిక్ సంచిలో ఫోమ్ పోశారు. అది పొంగి, వేడెక్కి, వాడి నడుము ఆకారంలో గట్టిపడేదాకా పావుగంట కదలకుండా కూర్చున్నాడు. ఆ సీటు ఇంకెవరికీ సరిపోదు. రెండు రౌండ్లయ్యాయి, అంటే రెండు వారాంతాల రేసులు. ఒకదాంట్లో నాలుగో స్థానం వచ్చింది. మూడో రౌండ్‌కి ముందు బుధవారం రాత్రి టీమ్ నుంచి ఫోన్ వచ్చింది, మిగిలిన సీజన్‌కి వేరే అబ్బాయి వస్తున్నాడని. మేము కట్టిన డబ్బు ఆ రెండు రౌండ్లకి సరిపోయిందట. శుక్రవారం హెల్మెట్, సూట్ తెచ్చుకోవడానికి వెళితే ఆ ఫోమ్ సీటు కూడా సంచిలో పెట్టి ఇచ్చారు. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని పార్కింగ్ దాకా నడిచాడు. నాకు మాట రాలేదు.

వచ్చిన అబ్బాయి చెడ్డ డ్రైవరేమీ కాదు. వాళ్ల నాన్న ఒక పెద్ద కంపెనీకి డీలరు, ఆ కంపెనీ స్పాన్సర్. అంతకుముందే వాడు నెలకి రెండు మూడు టెస్ట్ డేలు (రేసు లేకుండా ట్రాక్ మీద ప్రాక్టీస్ చేసే రోజులు) చేసేవాడు, ప్రతిసారీ కొత్త టైర్ల మీద. మావాడు రేసులో అరిగిన సెట్ మీదే ప్రాక్టీస్ చేసేవాడు. కొత్త టైరు ఎక్కడిదాకా పట్టు ఇస్తుందో, బ్రేక్ ఎంత ఆలస్యంగా వేయొచ్చో కొత్త టైరు మీద తిరిగినవాడికే తెలుస్తుంది. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో తేడా అర సెకను వస్తే, ఆ అర సెకను అబ్బాయిదా, టైరుదా అని టైమింగ్ షీట్‌లో ఉండదు. డబ్బు చేసే పని ఎక్కువగా ఇక్కడే. అది నెమ్మదిగా స్పీడ్‌గా మారిపోతుంది.

స్పాన్సర్ల కోసం ఫైలు పట్టుకుని నేను పదకొండు ఆఫీసులు ఎక్కాను. టీవీలో వస్తుందా, మా డీలర్లకి పాసులిస్తారా, లోగో ఎంత పెద్దగా వేస్తారు అని అడిగారు. ల్యాప్ టైమ్ ఎంత అని ఒక్కరూ అడగలేదు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లు కొంటున్నది ప్రచారం.

పైన ఫార్ములా వన్ (ఎఫ్1)లో కూడా ఇదే లెక్క, సున్నాలు ఎక్కువంతే. 2010లో మన చెన్నై కుర్రాడు కరుణ్ చంద్రోక్ హెచ్‌ఆర్‌టీ అనే ఎఫ్1 టీమ్‌లో పది రేసులు నడిపాక, సీజన్ మధ్యలోనే ఆ సీటు సకోన్ యమమోతోకి వెళ్లింది. అప్పుడు వార్త చదివి ఊరుకున్నాను, మా ఇంట్లో జరిగాక అర్థమైంది. కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ టీమ్‌లో చేరినప్పుడు టాటా అండ ఉంది. 2011లో అదే నరైన్ హెచ్‌ఆర్‌టీ సీటుని సీజన్ మధ్యలో డానియల్ రికియార్డోకి ఇచ్చారు, అతని వెనక రెడ్ బుల్ ఉంది. ఆ ఏడాది మన బుద్ధ్ సర్క్యూట్ రేసుకి నరైన్‌ని మళ్లీ కూర్చోబెట్టారు. మన దేశంలో రేసు అంటే ఇక్కడి స్పాన్సర్లకి అతనే కావాలి మరి.

అయితే డబ్బుతో వచ్చినవాళ్లంతా చేతకానివాళ్లని మాత్రం అనుకోకండి. రికియార్డో తర్వాత ఎనిమిది గ్రాండ్ ప్రీలు గెలిచాడు. నికీ లౌడా బ్యాంకు అప్పుతో మార్చ్ టీమ్‌లో సీటు కొనుక్కుని, 1975లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వెనెజువెలా చమురు కంపెనీ డబ్బుతో విలియమ్స్‌లోకి వచ్చిన పాస్టర్ మల్డొనాడో 2012లో స్పెయిన్ రేసు గెలిచాడు. కానీ ఆ సీటు కోసం విలియమ్స్ వదులుకున్నది నికో హల్కెన్‌బర్గ్‌ని. 2010 చివర్లో బ్రెజిల్‌లో అదే టీమ్‌కి పోల్ (రేసు మొదట్లో అందరికన్నా ముందు నిలబడే చోటు) తెచ్చినవాణ్ని!

ఇప్పుడు ఎఫ్1లో నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్స్‌కి కింది సీరీస్‌లలో మూడు సీజన్లలో 40 పాయింట్లు కావాలి కాబట్టి డబ్బు ఒక్కదానితో పైకి ఎక్కలేరు. కానీ ఆ పాయింట్లు తెచ్చుకునే ఎఫ్2లో, అంటే ఎఫ్1కి ఒక మెట్టు కింద, ఒక్క సీజన్‌కే ఇరవై లక్షల యూరోలు దాటుతుంది. అంటే గేటు దగ్గర స్పీడ్ అడుగుతారు, గేటు దాకా వెళ్లడానికి డబ్బు కావాలి.

మీరు చేయగలిగింది చెబుతాను. ఏ టీమ్‌కైనా డబ్బు కట్టేముందు ఎన్ని రౌండ్లకి సీటు ఇస్తారు, ఎన్ని టెస్ట్ డేలు, ఎన్ని కొత్త టైరు సెట్లు, మధ్యలో ఇంకొకరు ఎక్కువ తెస్తే మన డబ్బు ఏమవుతుంది, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. మా దగ్గర రసీదు ఒక్కటే ఉంది. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండి, మా అక్క గాజుల దాకా వెళ్లి ఆగాం. ప్రతి సెషన్ డేటా అడిగి తీసుకోండి. స్పాన్సర్‌కి అక్కర్లేకపోయినా, కుర్రవాళ్లని వెతికే అకాడమీల వాళ్లకి చూపించడానికి అదే ఆధారం.

మావాడు ఇప్పుడు ఒక టీమ్‌లో డేటా ఇంజినీరు. రేసు లేని వారాల్లో ఖాళీగానే ఉంటాడు. మీ అబ్బాయిని ఎప్పుడైనా చెన్నై ట్రాక్‌కి తీసుకొస్తే ముందు చెప్పండి, మావాడు కూర్చుని మీ వాడి ల్యాప్‌లు చూసి ఎక్కడ టైమ్ పోగొట్టుకుంటున్నాడో చెబుతాడు. డబ్బులేమీ వద్దు.