క్యాజువాల్టీలో యూరిన్ కేసులు నచ్చాయి, ఎమర్జెన్సీ మెడిసినా యూరాలజీనా?

ప్రశ్న: హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. క్యాజువాల్టీ డ్యూటీలో యూరిన్ ఆగిపోయిన ఒక పెద్దాయనకు ఫోలీస్ (మూత్రం బయటికి తీసే గొట్టం) పెట్టాను, ఆయన మొహంలో వచ్చిన రిలీఫ్ మర్చిపోలేకపోతున్నాను. తర్వాత ఆయనకు ఏం చేశారో వార్డుకు వెళ్లి కనుక్కున్నాను కూడా. ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్ తీసుకోనా, సర్జరీ చేసి యూరాలజీకి వెళ్లనా? అమ్మ మాత్రం "ఆడపిల్లవి, అలాంటి కేసులెందుకు, గైనిక్ చెయ్యి" అంటోంది.

జవాబు: ముందు అమ్మ మాట సంగతి చూద్దాం, నిన్ను ఎక్కువ వెనక్కి లాగుతున్నది అదే అనిపిస్తోంది. గైనిక్ మీద నీకు ఇష్టముంటే హాయిగా చెయ్యి. మొహమాటంతో మాత్రం వద్దమ్మా. ఈ కేసుల్లో సిగ్గు వల్లే అవయవాలు పోతున్నాయి. పద్నాలుగేళ్ల పిల్లాడు పొత్తికడుపు నొప్పి అంటూ వస్తాడు, అసలు నొప్పి వృషణంలో, ఆ మాట అమ్మానాన్నల ముందు నోట్లోంచి రాదు. డాక్టర్ కూడా మొహమాటపడి కింద చూడకుండా గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపిస్తే, మెలిపడిన వృషణానికి రక్తం అందకుండానే గంటలు గడిచిపోతాయి. ఆరు గంటల్లోపు మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆ తర్వాత గంటగంటకీ ఆశ తగ్గిపోతుంది. అందుకే తెర వేసి, పక్కన తెలిసినవాళ్లనో సిస్టర్‌నో ఉంచుకుని, ఏం చూస్తున్నావో ఆ పిల్లాడికి చెప్పి చూడాలి, అనుమానం గట్టిగా ఉంటే రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ కోసం ఆగకుండా సర్జన్‌కు ఫోన్ చెయ్యాలి. ఇందులో ఆడ డాక్టరా మగ డాక్టరా అన్న ప్రశ్నే లేదు.

ఇక బ్రాంచ్ సంగతి. ఎమర్జెన్సీ డాక్టర్‌ది మొదటి గంట. నువ్వు పెట్టిన ఫోలీస్‌నే తీసుకో. ప్రోస్టేట్ పెరిగి యూరిన్ ఆగిన పెద్దాయనకు అది ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, అదే బైక్ యాక్సిడెంట్‌లో కటి ఎముక విరిగి మూత్రద్వారం దగ్గర రక్తం కనిపిస్తున్న కుర్రాడికి గుడ్డిగా తోస్తే చిరిగిన మూత్రనాళం ఇంకా చిరగొచ్చు, ముందు మూత్రద్వారం గుండా డై ఎక్కించి ఎక్స్‌రే తీయాలి. రాయి అడ్డుపడిన కిడ్నీకి ఇన్ఫెక్షన్ తోడై చలిజ్వరంతో వచ్చినవాళ్లకు యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, లోపల స్టెంటో, వీపు వైపు నుంచి కిడ్నీలోకి నెఫ్రాస్టమీ ట్యూబో వేసి చీము మూత్రం బయటికి తీయాలి. అది కనిపెట్టి, సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, అర్ధరాత్రి యూరాలజిస్టును లేపడం ఎమర్జెన్సీ డాక్టర్ పని. పొత్తికడుపు నొప్పితో పిల్లలు పుట్టే వయసున్న ఏ అమ్మాయి వచ్చినా యూరిన్ మంటే అనుకోకుండా ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించడమూ ఆయన పనే. ఇదంతా చిన్న పని కాదు, కానీ స్టెంట్ వేసేది ఆయన కాదు, రోగి ఎలా ఉన్నాడో చూసేలోపు పక్క బెడ్‌లో గుండెనొప్పి కేసు ఉంటుంది.

ఎండీ ఎమర్జెన్సీ మూడేళ్లు. మన దేశంలో దానికి మెడికల్ కౌన్సిల్ గుర్తింపు 2009లోనే వచ్చింది కాబట్టి కొత్త బ్రాంచే, చిన్న ఊళ్లలో విభాగాలు తక్కువ, నైట్ డ్యూటీలు ఎప్పటికీ ఉంటాయి, సొంత క్లినిక్ కష్టం. యూరాలజీ అంటే ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు, నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాసి ఎంసీహెచ్ ఇంకో మూడేళ్లు. నిమ్స్, ఉస్మానియా లాంటి చోట్ల ఎంసీహెచ్ ఉంది, నేషనల్ బోర్డు వాళ్ల డీఆర్‌ఎన్‌బీ (ఇదివరకటి డీఎన్‌బీ) దారీ ఉంది. ఎంఎస్‌లో హెర్నియాలు, షుగర్ కాళ్లు, ఫోర్నియర్ గ్యాంగ్రీన్ (మర్మాంగాల దగ్గర చర్మం కుళ్లిపోయే ఇన్ఫెక్షన్) డ్రెస్సింగులు ఓపిగ్గా చెయ్యాలి, అక్కడే చాలామంది అలిసిపోతారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: నువ్వు యూరాలజీ వైపు మనిషివి. ఫోలీస్ పెట్టాక వార్డుకు వెళ్లి మరీ కనుక్కున్నావు చూడు, నాకు అది చాలు. అమ్మకు ఒక్క మాట చెప్పు, మూత్రం లీకవుతున్నా మగ డాక్టర్ దగ్గర నోరు విప్పలేక ఏళ్ల తరబడి గుడ్డలు మార్చుకుంటూ బతికే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో ఆమెకే బాగా తెలుసు.

సర్జరీ పోస్టింగ్ ఇంకా మిగిలి ఉంటే యూనిట్ చీఫ్‌ను అడిగి కొన్ని రోజులు యూరాలజీ థియేటర్‌లో నిలబడు, ఒక ప్రోస్టేట్ ఆపరేషన్ మొదటి నుంచి చివరిదాకా చూడు. బోర్ కొట్టి మనసు క్యాజువాల్టీకే లాగితే పీజీ కౌన్సెలింగ్ ఆప్షన్లలో ఎమర్జెన్సీని పైన పెట్టుకో, లేదంటే ఎంఎస్ సర్జరీని.